అటక మీద ఎండ

వరహాలు మేస్త్రికి చలంటే గిట్టదు. గోగునార మిల్లులో, బాయిలరు గది పక్కన, ఇరవై ఏళ్లపాటు కరెంటు తీగలు లాగిన ఒళ్లు అది. అలాంటి మనిషిని పట్టుకొచ్చి, పంతొమ్మిది వందల ఇరవై ఏడులో, కార్తీకం వెళ్లీ వెళ్లగానే, అరకు కొండల్లో గెడ్డవలస ఆసుపత్రికి దీపాలు పెట్టమన్నారు. పాపం, రెండు చొక్కాలు తొడిగి, వాటి మీద కోటు వేసి, కోటు మీద గొంగళి కప్పి, చెవులు మూసుకుపోయేలా తలగుడ్డ చుట్టుకుని తిరిగేవాడు. మూట నడిచొస్తోందని ఊళ్లో పిల్లలు నవ్వేవారు. నవ్వరూ మరి!

పని మాత్రం దివ్యంగా చేశాడు. అందులో అబద్ధమాడితే కళ్లు పోతాయి. గెడ్డ నీళ్లతో, అంటే కొండవాగు నీళ్లతో, తిరిగే చిన్న డైనమోని శృంగవరపుకోట నుంచి ఘాటీ మీదుగా పన్నెండు మంది మోసుకొస్తే, దాన్ని గెడ్డ ఒడ్డున పాకలో బిగించాడు. అక్కడి నుంచి ఆసుపత్రి దాకా తీగ లాగాలి. మధ్యలో వంటిల్లు అడ్డం వచ్చింది.

ఆ వంటింట్లో కనక ఉండేది. రోగులకి జావ కాచే కొండ మనిషి, యాభై అయిదేళ్లుంటాయి. వంటిల్లూ అదే, ఆమె ఇల్లూ అదే. గడ్డికప్పు, మధ్యలో పొయ్యి, పొయ్యి మీద వెదురు అటక. వానా కోతులూ తీగ జోలికి రాకుండా ఉండాలంటే దాన్ని అటక మీదుగా లాగడమే మంచిదని వరహాలు లెక్క వేశాడు. దగ్గర దారి కూడానూ. నిచ్చెనెక్కి, తీగని పట్టి ఉంచే పింగాణీ బిళ్లలు కొడుతూ ఉంటే కింది నుంచి కనక అడిగింది.

"మేస్త్రీ, సరిగ్గా పొయ్యి మీదుగా ఏత్తన్నావేటి? ఆడ మేం ఇత్తనాలు కూడా ఎట్టం."

"నీ ఇత్తనాలకీ నా తీగకీ ఏటి సమ్మందం, కనకా?"

"పొయ్యి మీద తిండి గింజలే ఏలాడదీత్తాం. ఇత్తనాలు అదిగో, ఆ గోడ కొసన. పొయ్యి మీదెడితే ఇత్తు సచ్చిపోద్ది. సూడ్డానికి బాగానే ఉంటాది. మొలవదు."

వరహాలు పైనుంచి పకపకా నవ్వాడు. "నాను తీగ నాటుతున్నానా, మొలవడానికి?"

కనక మళ్లీ పొయ్యి వైపు తిరిగింది. చెప్పాల్సింది ఒకసారి చెప్పి ఊరుకోవడం ఆమెకి అలవాటు. వినకపోతే అది మన ఖర్మ.

వరహాలు ధీమాకి కారణం లేకపోలేదు. అతని పనిముట్ల పెట్టె మూతకి లోపల ఒక కాగితం అంటించి ఉంటుంది. ఏ లావు తీగలో ఎన్ని ఆంపియర్ల కరెంటు పంపొచ్చో చెప్పే పట్టీ అది. దాని అడుగున చీమ తలకాయలంత అక్షరాల్లో ఒక ముక్క ఉంది. చుట్టూ ఉన్న గాలి ఎనభై ఫారెన్‌హీట్ డిగ్రీలు దాటనంత వరకే ఈ లెక్క అని. మిల్లులో అతనికి పని నేర్పిన ముసలి మేస్త్రి ఆ ముక్కని వేలుపెట్టి చూపించి మరీ చెప్పాడు. "తీగలో కరెంటు పారితే ఏడి పుడతాదిరా. ఆ ఏడిని గాలికొదిలేత్తాది. గాలే కాలిపోతా ఉంటే ఎక్కడొదులుతాది? రబ్బరు తొడుగు మెత్తబడి ఊడిపోద్ది. ఈ పట్టీ రాసినోళ్లది సల్లటి దేశం. మనకి అయిదని రాసుంటే నాలుగే అనుకో." ఇరవై ఏళ్లు వరహాలు ఆ మాట తప్పలేదు. బాయిలరు గదిలో ఎప్పుడూ ఒక ఆంపియరు కోసేవాడు.

ఇక్కడ మాత్రం పొద్దున్నే బక్కెట్లో నీళ్లు ముట్టుకుంటే వేళ్లు కొంకర్లు పోతున్నాయి. గాలికొండ మీంచి గాలి వీస్తే పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. పట్టీ రాసినవాళ్ల దేశం కంటే చల్లన ఇది! ఇక్కడ కొయ్యడమేమిటి, కాస్త కలిపినా తీగ పట్టించుకోదు అనుకున్నాడు. చలికి వణికేవాడికి ఊళ్లో ప్రతిదీ వణుకుతున్నట్టే ఉంటుంది కాబోలు.

దీపాలు వెలిగాయి. నెల గడిచింది. వార్డులోనూ డాక్టరు గదిలోనూ కలిపి మూడు ఆంపియర్లు. తీగకి అయిదు దాకా ఓపిక ఉంది. వరహాలు మూటాముల్లె సర్దుకుని సంక్రమణం లోపే కొండ దిగుదామని చూస్తున్నాడు.

ఆ మంగళవారం పొద్దున కనక కూతురు రత్నకి ఏడో నెలలోనే నొప్పులొచ్చాయి. మగపిల్లాడు. తూస్తే రెండున్నర పౌన్లు. దోసిట్లో పడుకోబెడితే ఇంకా చోటు మిగిలింది. ఏడుపు కూడా సరిగ్గా రాలేదు, పిట్టపిల్ల కుయ్యిమన్నట్టు ఒక చప్పుడు చేశాడంతే. రత్నకి ఒళ్లెరగని జ్వరం.

డాక్టరు గంగరాజు కుర్రవాడు. చదువు మీద నమ్మకమూ, చేతుల్లో వణుకూ రెండూ ఉన్నవాడు. వరహాలుని పిలిచి చెప్పాడు. "వరహాలూ, ఈ బిడ్డకి తన ఒంటి వేడి తాను నిలుపుకునే శక్తి లేదు. చెక్కపెట్టె చేయించి, అడుగున దీపాలు పెట్టి, లోపల తొంభై డిగ్రీల వేడి ఆగకుండా ఉండేలా చేస్తే బతకొచ్చు. ఆగితే మాత్రం చెప్పలేను. చేయగలవా?"

మధ్యాహ్నానికల్లా పెట్టె తయారయింది. వెలుగు కంటే వేడి ఎక్కువిచ్చే బొగ్గు తీగ బల్బులు ఆరు. ఆరింటికీ కలిపి మూడు ఆంపియర్లు. వార్డు వైపు మూడూ కలిపితే మొత్తం ఆరు. అయిదు పట్టే తీగలో ఆరు. వరహాలు పట్టీ వైపు చూశాడు, కిటికీలోంచి పొగమంచు వైపు చూశాడు. "ఈ సలికి ఒకటెక్కువైతే ఏటవుద్ది?" అని, ఫ్యూజులో కాస్త లావు తీగ బిగించి, స్విచ్చి వేశాడు. పెట్టె వెచ్చబడింది. పసివాడి పెదాల నీలం మెల్లగా పోయింది. వరహాలు పక్కనే బల్ల మీద కూర్చుని, ఆ బుల్లి పొట్ట లేచి పడడం చూస్తూ చాలాసేపు ఉండిపోయాడు. కొండ దిగే మాట మళ్లీ ఎత్తలేదు.

అతనికీ భార్య యర్రమ్మకీ పిల్లలు లేరు. మూడుసార్లు ఆశపెట్టి మూడుసార్లూ నిలవలేదు. ఆ మాట అతను ఎవరి దగ్గరా అనడు. ఇక్కడా అనలేదు.

అదే రోజున వంటింట్లో మరో పని జరిగింది, వరహాలు గమనించనిది. కనక పొయ్యిలో రెండు పెద్ద దుంగలు పెట్టి నిప్పు ఎగదోసింది. కాన్పయిన ఇంట్లో, బొడ్డూడి పేరు పెట్టేదాకా పురిటి పొయ్యి ఆరకూడదు. పగలూ రాత్రీ మండాల్సిందే. అది ఆమె తల్లీ, తల్లి తల్లీ చేసిన పద్ధతి. అంతకుముందు రెండుపూటలా కాసేపు మండి చల్లారే పొయ్యి, ఆ రోజు నుంచి ఆరనే లేదు.

నాలుగో రోజు మధ్యాహ్నం కనక జావ కుండ పట్టుకుని వార్డు గుమ్మంలో నిలబడింది. జావ మీద నల్లటి చుక్కలు తేలుతున్నాయి.

"మేస్త్రీ, నీ తీగకి సెమట పట్టింది."

వరహాలు వేలితో చుక్కని తీసి వాసన చూశాడు. మైనం, రబ్బరు. గోడకి వేలాడుతున్న థర్మామీటరు చూశాడు. యాభై ఎనిమిది. దాన్నే పీక్కుని వంటింట్లోకి పరిగెత్తి నిచ్చెనెక్కాడు. అటక మీదికి తల పెట్టేసరికి మొహాన వేడి కొట్టింది. వైశాఖ మాసంలో విజయనగరం వీధిలో నడుస్తున్నట్టుంది. తీగ పక్కన థర్మామీటరు పెట్టి, వందదాకా లెక్కపెట్టి చూశాడు. నూట పద్దెనిమిది.

తీగని వేలితో నొక్కాడు. తొడుగు మెత్తగా జారింది. ఇంకొంచెం జారితే లోపలి రాగి బయటపడుతుంది. పైన జానెడు దూరంలో ఎండు గడ్డి. ఫ్యూజు చక్కగా ఉంది. ఉండదా? ఫ్యూజుకి ఆంపియర్లే తెలుసు, అటక మీద ఎండ తెలియదు. తనకి తెలియాలి. ఇరవై ఏళ్లు బాయిలరు పక్కన బతికినవాడికి తెలియాలి. ఊరి చలిని చూసి లెక్క వేశాడు గాని, తీగ ఊళ్లో లేదు, పొయ్యి మీద ఉంది. ఆ మాట ఈ ముసలామె ముందే చెప్పింది. చెప్తే నవ్వాడు.

కిందికి దిగి వార్డు దీపాలన్నీ ఆర్పేసి, పెట్టె ఒక్కటే ఉంచి, డాక్టరుకి సంగతి చెప్పాడు. "పెట్టె కూడా ఆర్పాలి బాబూ. తీగ మార్చాలి. గంట పడతాది. నేకపోతే కప్పంటుకుంటాది."

గంగరాజు పెట్టెకి అడ్డం వచ్చాడు. "గంటా? నీకేమన్నా మతిపోయిందా? ముందు ఆ పొయ్యి ఆర్పించు. అటక చల్లబడితే తీగ నిలుస్తుందిగా?"

నిజమే, అది దగ్గర దారి. వరహాలు నీళ్ల కడవ ఎత్తుకుని పొయ్యి దగ్గరికి వెళ్లాడు. కనక పొయ్యికి అడ్డం కూర్చుంది. అరవలేదు, తిట్టలేదు.

"ఇది ఆడి పొయ్యి, మేస్త్రీ," అంది. "మీరు ఆడికి ఎచ్చదనం ఎడతన్నారు. నానూ అదే ఎడతన్నాను. నాకు దీపాలు తెల్దు. నాకు తెలిసింది ఇదే. ఇది ఆరితే ఆడు ఆరిపోతాడు."

కడవ వంచడం ఎంతసేపు? కింద మైదానంలో అయితే ఆ మాటకి నవ్వి నీళ్లు కుమ్మరించేవాడేమో. కానీ మూడోసారి యర్రమ్మకి నొప్పులొచ్చిన రోజున, ఇంటి వెనక అమ్మవారి రాయికి దీపం పెట్టి, గాలికి ఆరకుండా రెండు చేతులూ అడ్డుపెట్టి, తెల్లారేదాకా కూర్చున్నది అతనే. ఆ దీపం ఆరలేదు. అయినా బిడ్డ నిలవలేదు. అది తెలిసి కూడా, ఈవేళ మరొకరి నిప్పు మీద నీళ్లు పొయ్యడానికి అతనికి చేతులు రాలేదు. కడవ కింద పెట్టాడు.

"అప్పా," అన్నాడు. ఇన్నాళ్లూ కనకా అని పిలిచినవాడు, ఇప్పుడు అక్కని పిలిచినట్టు పిలిచాడు. "పొయ్యి ఆర్పను. నాది తప్పు. నువ్వు ఇత్తనాలు ఎక్కడెడతావో సూపించు."

కనక అతని మొహంలోకి ఒక్క క్షణం చూసి, లేచి, గోడ కొసన అటక చూపించింది. అక్కడ వెదురుబద్దకి వరసగా చోళ్ల వెన్నులు, అంటే రాగి వెన్నులు, సామల కట్టలు, మసితో నల్లబడి వేలాడుతున్నాయి. వరహాలు వాటి పక్కన థర్మామీటరు పెట్టాడు. డెబ్భై రెండు. పొయ్యికి నాలుగు బారల దూరం లేదు. పట్టీ అడిగిన ఎనభైకి ఎనిమిది తక్కువే. ఏ పట్టీ చదవకుండా ఈ ఇంటి ఆడవాళ్లు సరిగ్గా ఆ చోటు పట్టుకున్నారు.

"ఇక్కడి నుంచి లాగితే తీగ నూరేళ్లుంటాది, అప్పా. కానీ బిళ్లలు కొట్టాలంటే ఈ వరస కదపాలి."

చైత్రంలో విత్తనాలకి పూజ చేసే ఇటుకల పండగదాకా విత్తనాల వరస కదపకూడదు. ఆ ఇంటి ఆడది తప్ప వేరెవరూ ముట్టుకోకూడదు, ఆమె కూడా తానం చేసే ముట్టుకోవాలి. కనక ఆ వెన్నుల వరసని ఈ కొస నుంచి ఆ కొసదాకా చూసింది. ఏడాది పంట అక్కడ వేలాడుతోంది.

"ఇత్తనం ఎందుకు దాస్తాం మేస్త్రీ, పిల్లలు తినడానికేగా," అంది చివరికి. "గెడ్డలో మునిగొత్తాను. అందాకా గుంటడిని ఎవులు పట్టుకుంటారు?"

"నేను పట్టుకుంటాను," అన్నాడు వెనకాలే వంటింట్లోకి వచ్చిన డాక్టరు.

కనక అతని చేతులు ముట్టుకుని చూసి వదిలేసింది. "మంచులా ఉన్నాయి బాబూ." రత్న జ్వరంతో ఒళ్లు తెలియకుండా ఉంది. కనక చుట్టూ చూసింది. ఆసుపత్రి మొత్తం మీద చలి తగలని ఒళ్లు ఒక్కటే ఉంది. రెండు చొక్కాలూ కోటూ గొంగళీ తలగుడ్డా చుట్టుకుని, మూటలా నిలబడి ఉంది.

"మేస్త్రీ, కోటు గుండీలిప్పు."

వరహాలు వార్డులోకెళ్లి, గొంగళి తీసి, గుండీలన్నీ విప్పి పెట్టె పక్కన బల్ల మీద వెనక్కి ఆనుకున్నాడు. గంగరాజు పెట్టె ఆర్పి, బిడ్డని ఎత్తి, ఆ రొమ్ము మీద బోర్లా పడుకోబెట్టాడు. కనక వాళ్లిద్దరి మీదా చొక్కాలూ కోటూ గొంగళీ మూసి, బేగి గెడ్డ వైపు పరిగెత్తింది.

ఏమీ బరువు లేదు. గుప్పెడు చోళ్లంత కూడా లేదు. వరహాలు ఊపిరి గట్టిగా తీస్తే ఎక్కడ జారిపోతాడోనని మెల్లగా తీశాడు. కాసేపటికి తన గుండె మీద ఇంకో గుండె, చాలా తొందరగా, చాలా చిన్నగా కొట్టుకోవడం తెలిసింది. తీగ మార్చే పని మీద ఉన్న ఆ మనిషి పట్టీ, తీగా అన్నీ మరిచిపోయి, కళ్లనిండా నీళ్లతో కప్పుకేసి చూస్తూ పడుకున్నాడు. డాక్టరు చూడనట్టు మొహం తిప్పుకున్నాడు. మంచివాడు.

కనక తడిజుట్టుతో వచ్చింది. విత్తనాల కట్టలు ఒక్కొక్కటే దించి, కళ్లకద్దుకుని, చేటల్లో పేర్చింది. తరవాత బిడ్డని తన రవిక లేని గుండెకి హత్తుకుని, కోక రెండు మడతలు చుట్టుకుని పొయ్యి పక్కన కూర్చుంది. వరహాలు కోటు విసిరేసి నిచ్చెనెక్కాడు.

కనక అల్లుడు సోంబరు గెడ్డ తూము మూసి డైనమో ఆపాడు. వరహాలు పాత తీగ పొయ్యి మీదుగా వెళ్లిన మేర కోసి పారేశాడు. మిగిలిన చుట్టలోంచి కొత్త తీగ, ఒకటికి రెండు పేటలు జోడించి లాగాడు, కరెంటు పంచుకుంటాయని. ఈసారి పట్టీని మించి ఒక్క చుక్క కూడా ఆశపడలేదు. ఫ్యూజులో లావు తీగ పీకేసి, ఒక్కో పేటకి పద్ధతి ప్రకారం ఉండాల్సింది బిగించాడు. గోడ కొసన వెదురుబద్ద దగ్గరికొచ్చేసరికి చేయి ఆగింది. మూల బిళ్ల కొట్టాలంటే బద్దని పట్టుకోవాలి.

"అప్పా, బద్ద ముట్టుకోనా?"

కింద నుంచి కనక తలెత్తింది. "ఇందాక ఈడిని ముట్టుకున్నావుగా, తమ్ముడా. ఇంకేటి మిగిలింది?"

ముప్పావుగంటలో పెట్టె మళ్లీ వెలిగింది. బిడ్డని లోపల పడుకోబెడితే నిద్రలోనే మూతి ముడిచాడు, ఎవరో మంచి చోటు నుంచి లేపేసినట్టు.

తొమ్మిదో రోజున బొడ్డూడింది. మంగళవారం పుట్టాడు కాబట్టి మంగ్లు అని పేరు పెట్టి, కనక పురిటి పొయ్యిని తన చేత్తో తానే చల్లార్చింది. రత్న జ్వరం దిగి, లేచి కూర్చుని పాలివ్వడం మొదలుపెట్టింది. వరహాలు తన పట్టీ అడుగున, ఆ చీమ తలకాయల అక్షరాల కింద, పెన్సిలుతో ఒక ముక్క రాసుకున్నాడు. 'ఊరి గాలి కాదు, తీగ చుట్టూ గాలి. ఇంట్లో విత్తనం ఎక్కడ పెడతారో అడగవలెను.' కొండ దిగడానికి ఏదో ఒక పని మిగిలిందంటూ రోజులు జరిపాడు. డైనమోకి నూనె వెయ్యాలంటాడు, బల్బులు తుడవాలంటాడు. మనిషన్నాక సాకులుంటాయి.

మాఘం వెళ్లేనాటికి మంగ్లు అయిదు పౌన్లయ్యాడు. ఇంక పెట్టె అక్కర్లేదని డాక్టరు చెప్పిన పొద్దున్నే కనక ఒక తడిగుడ్డ మూట తెచ్చి వరహాలు ముందు విప్పింది. తెల్లటి మొలకలు. చోళ్లు, ఒక్కటీ తప్పకుండా మొలిచాయి.

"నీ తీగని ఆనుకునున్న కట్టలోంచి తీసి నానబెట్టాను," అంది. "నీ పని బాగుంది, తమ్ముడా."

ఇరవై ఏళ్లలో ఎందరో దొరలు అతని పని చూసి తలాడించారు. ఏ దొరా ఇలా పరీక్ష పెట్టి చెప్పలేదు. వరహాలు ఆ మొలకల వైపే చూస్తూ ఉంటే, కనక పెట్టె తెరిచి మనవడిని ఎత్తుకుంది. ఆరు దీపాలూ వెలుగుతున్నాయి, లోపల తొంభై డిగ్రీలూ ఉన్నాయి.

"మంగ్లూ, ఎల్లు. తాత కాడికెల్లు," అంది.

అతన్ని మేస్త్రీ అన్నవాళ్లున్నారు, ఒరే అన్నవాళ్లున్నారు. ఆ పేరుతో ఎవరూ పిలవలేదు. బిడ్డ రెండు చేతుల్లో నిండుగా ఉన్నాడు. పాలు తాగి గోరువెచ్చగా ఉన్నాడు, ఎవరి వెచ్చదనమూ అక్కర్లేదు వాడికి. కరెంటు పోలేదు, చలి కూడా అంత లేదు.

అయినా వరహాలు తాత బల్ల మీద వెనక్కి ఆనుకుని, కోటు గుండీలు ఒక్కొక్కటే విప్పాడు.